దొరగారి గిట్టలు

ఫోనులో ఒక ఆడగొంతు గుసగుసగా ఒక్కటే మాట చెప్పి పెట్టేసింది. "టైర్ల కొట్టు వెనక సందులో దొరగారు నడవలేకపోతున్నారు. త్వరగా వచ్చి చూడండి."

పశు సంక్షేమ శాఖవాళ్ళకి దొరగార్లతో పనేముంది? ఇన్‌స్పెక్టరమ్మ రిసీవరు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. ఆ ఆఫీసుకి వచ్చే ఫోన్లన్నీ వీధికుక్కల గురించో, తెల్లవారకముందే గొంతు చించుకునే పక్కింటి కోడిపుంజు గురించో ఉంటాయి. మనుషులు నడవలేకపోతున్నారని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అయినా ఫోను వచ్చాక వెళ్ళి చూడాలన్నది రూలు. ఆమెకి రూలంటే రూలే. ఆఫీసులో తనని చాటుగా 'రూళ్ళకర్ర' అంటారని ఆమెకి తెలుసు. తెలిసినా ఏమీ అనుకోదు సరికదా, కర్ర తిన్నగా ఉంటేనే గీత తిన్నగా పడుతుందని లోలోపల కాస్త గర్వం కూడా.

తోడుగా పశువుల డాక్టరుని తీసుకెళ్ళింది. డాక్టరు చిన్నవాడు, బుద్ధిమంతుడు. పిల్లుల వైద్యంలో మంచి పేరుంది. పిల్లికన్నా పెద్ద జంతువేదైనా సరే, దాని వైద్యం గోడకి ఇవతల నుంచి చేయడమే ఆయనకి ఇష్టం.

టైర్ల కొట్టు వెనక సందులో సైకిలు ఎదురొస్తే మనిషి గోడకి అతుక్కోవాల్సిందే. సందు చివర ఒక రేకు గేటు. ఇన్‌స్పెక్టరమ్మ తట్టింది.

"దొరగారున్నారా?"

"ఉన్నాడు. నిద్రపోతున్నాడు," అంది లోపల్నుంచి ఒక ముసలి గొంతు. "నిలబడే పడుకుంటాడు. మధ్యలో లేపితే కోపం. ఏం పని?"

డాక్టరు మొహం పాలిపోయింది. "మేడం, నిలబడి నిద్రపోయే మనిషికి నేనేం వైద్యం చెయ్యను?"

గేటు తెరుచుకుంది. దువ్వి తీర్చిన తెల్ల మీసాలతో, ఇస్త్రీ చొక్కాతో ఒక పెద్దాయన ఎదురుగా నిలబడ్డాడు. జీవితమంతా గుర్రబ్బండి తోలిన మనిషి కనక చుట్టుపక్కల అందరికీ ఆయన బండాయనే. ఆ బండి ఇప్పుడు గోడవారన చక్రాలు ఊడి కూర్చుంది. దాని కాడి మీద ఆయన ఇల్లాలు తడిబట్టలు ఆరేస్తోంది. వెనక రేకుల కొట్టంలో, నిజంగానే నిలబడి కునుకు తీస్తూ, ఒక గోధుమరంగు గుర్రం.

"ఇదా దొరగారంటే?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"ఇది కాదు, ఆయన," అని దిద్దాడు బండాయన.

గుర్రం జూలు చక్కగా దువ్వి ఉంది. ఒంటి మీద మట్టి మచ్చుకైనా లేదు. కానీ అంత శుభ్రమైన ఒంట్లోంచి పక్కటెముకలు పైకి తేలి కనిపిస్తున్నాయి. నడుము దగ్గర ఎముకలు, చొక్కాలు తగిలించుకోవచ్చన్నట్టు, పొడుచుకొచ్చాయి. ఇక గిట్టలైతే ముందుకి సాగి, కొసలు పైకి తిరిగి, నాటకాల్లో రాజులు తొడుక్కునే జోళ్ళలా తయారయ్యాయి. వాటితో నిలబడలేక దొర బరువంతా మడమల మీద వేసి, కాలే ఇసుకలో నిలబడ్డ మనిషిలా, ఆ కునుకులోనే ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతున్నాడు.

"పెద్దాయనా, దీనికి... వీరికి తిండి పెడుతున్నారా లేదా?"

బండాయన ఒంటికాలి మీద లేచాడు. "నేను మానేసి దొరకి పెడతానమ్మా! కావాలంటే మా ఆవిణ్ణి అడగండి." ఇల్లాలు నోరు విప్పకుండా తల మాత్రం ఊపింది.

"మరి ఆ గిట్టలేమిటి?"

బండాయన ఆకాశం వైపు చూశాడు. "గిట్టలన్నాక పెరుగుతాయి. మనకి గోళ్ళు పెరగవూ?"

"మీ గోళ్ళు మీరు తీసుకుంటారుగా?"

బండాయన చేతులు తమంతట తామే వీపు వెనక్కి వెళ్ళిపోయాయి. "కోసేవాడుండాలిగా! ఈ ఊళ్ళో గిట్టలు కోసి నాడాలు కొట్టే మనిషి లేడు."

ఇల్లాలు గట్టిగా దగ్గింది.

"ఉన్నాడనుకోండి. ఉన్నా నా లెక్కలో లేడు."

ఆవిడ ఇంకోసారి దగ్గింది.

"అదిగో, ఆవిడ తమ్ముడే! నాకు స్వయానా బావమరిది," అన్నాడు బండాయన, పన్ను పీకించుకున్నవాడిలా. "నిరుడు మోటారుసైకిలు కొన్నాడు."

"కొంటే?"

"కొంటే ఏమిటమ్మా! తాతలనాటి నుంచి గుర్రాల కాళ్ళు పట్టుకుని బతికిన ఇల్లు వాళ్ళది. అలాంటివాడు ఆ డుర్రుడుర్రుని తెచ్చి, సరిగ్గా నా దొర మూతి ముందు ఆపాడు. దొర బెదిరి బండిని గోడకి కొట్టాడు. అప్పుడన్నాను, 'పోరా, పోయి ఆ ఇనప గుర్రానికే నాడాలు కొట్టుకో' అని. దానికి వాడన్నాడు, 'నువ్వు గడ్డం పట్టుకుని బతిమాలినా నీ గుర్రం కాలు ముట్టను' అని. సరే అన్నాను. ఇక అంతే. మాట మీద నిలబడే మనిషిని నేను."

"నిలబడింది మీరు కాదు పెద్దాయనా, ఆ నాలుగు కాళ్ళు," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

బండాయన మీసం కొంచెం జారింది.

"డాక్టరుగారూ, వెళ్ళి చూడండి."

"ఇక్కణ్ణించి స్పష్టంగానే కనిపిస్తోంది మేడం," అన్నాడు డాక్టరు గేటు దగ్గర్నుంచే. సరిగ్గా అప్పుడే ఆయన బూటు కింద ఏదో మెత్తగా నలిగింది. వంగి చూస్తే, నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండ. చుట్టూ అలాంటివి ఇంకా పడున్నాయి. డాక్టరు ఒకటి తీసి వేళ్ళతో విడదీశాడు, వాసన చూశాడు, భయం సంగతి మరిచిపోయి ఆ ఉండల వెంట ఏరుకుంటూ పోయి, తిన్నగా దొర మూతి కింద తేలాడు.

"మేడం! తిండి పెట్టకపోవడం కాదిది. తింటోంది, నమల్లేకపోతోంది. వెనక పళ్ళ అంచులు కత్తుల్లా పెరిగి బుగ్గలు కోసుకుపోతుంటాయి. ఆ అంచులు ఆకురాయితో రాసేస్తే సరి."

దొర కళ్ళు తెరిచాడు. డాక్టరు మళ్ళీ గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"ఎవరు రాయాలి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

డాక్టరు గేటు గడియ పట్టుకున్నాడు. "రూలు ప్రకారం... నేనే మేడం."

ఆఫీసులో పెద్దసారు సంగతంతా విని చేతులు రుద్దుకున్నాడు. పైవాళ్ళ నుంచి ఆయనకి ఈమధ్య చీవాట్లు ఎక్కువయ్యాయి. శాఖ స్వాధీనం చేసుకున్న జంతువులేవని అడిగితే చూపించడానికి ఒక గంపెడు కోళ్ళు మాత్రం ఉండేవి. ఫోటో తియ్యబోతుంటే అవి కూడా గంప తన్నేసి పారిపోయాయి.

"గుర్రమంటే ఫోటోలో ఎంత నిండుగా పడుతుందో తెలుసా?" అన్నాడు. "గురువారం పొద్దున లారీ చెప్పేస్తాను. పేపరు ఫోటోగ్రాఫరుని కూడా పిలుస్తాను. స్వాధీనం చేసేసి, ముసలాయన మీద కేసు పెట్టేద్దాం."

"తీసుకెళ్ళి ఎక్కడ పెడతాం సార్?"

"సంరక్షణ కేంద్రం ఉందిగా."

ఇన్‌స్పెక్టరమ్మ సంరక్షణ కేంద్రానికి ఫోను చేసింది. అక్కడి మేనేజరుకి దాపరికం లేదు. "అమ్మా, నా దగ్గర కుక్కలున్నాయి, మేకలున్నాయి, ఎవరో వదిలేసిన కొండచిలవ ఉంది. గుర్రానికి చోటంటే మిగిలింది నా గదొక్కటే. పైగా కుంటి గుర్రమంటున్నారు. ముసలిదీ కుంటిదీ అయితే ఎవరూ పెంచుకోడానికి రారు. నాలుగు రోజులు చూసి సూది వేయించేస్తాం. మీకు ముందే చెప్పడం నయం కదా."

ఆమె ఫోను పెట్టేసి రూళ్ళ పుస్తకం తీసింది. చట్టంలో రెండు దారులున్నాయి. జంతువు బాధపడుతుంటే తక్షణం స్వాధీనం చేసుకోవచ్చు. లేదా ఆ బాధ తీర్చడం యజమాని చేతిలో పనేనని ఇన్‌స్పెక్టరుకి తోస్తే గడువు ఇవ్వవచ్చు. ఇంతవరకు ఏ కేసులోనూ ఆమెకి అలా తోచలేదు. తోచడం అనే పని ఆమెకి కొత్త. గడువు ఇచ్చాక ఆ ఇద్దరు మొండివాళ్ళూ కదలకపోతే దొర ఇంకొన్నాళ్ళు నరకం పడతాడు, ఆ పాపం తనదవుతుంది. లారీ ఎక్కిస్తే చట్టం నిలబడుతుంది, దొర ఉండడు.

ఆ రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోతే భర్త అడిగాడు. చెప్పింది. ఆయన అంతా విని, "నీకేది న్యాయమనిపిస్తే అది చెయ్యి. దాన్ని మాత్రం ఇంటికి తీసుకురాకు. లిఫ్టులో పట్టదు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నాడాల మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. బావమరిది అంటే ఎవరో కుర్రాడనుకుంది కానీ, ఆయనకీ జుట్టు సగం నెరిసింది. గుర్రాలు తగ్గిపోయాక కొట్టులో కిటికీల ఊచలు, గేట్ల గడియలు చేస్తున్నాడు. కొట్టు ముందు మోటారుసైకిలు, తుడిచి తుడిచి అద్దంలా మెరుస్తోంది. లోపల గోడకి మాత్రం గిట్టల కత్తి, పెద్ద పట్టకారు, ఆకురాయి, తోలు గుడ్డ వరసగా వేలాడుతున్నాయి. ఒక్కదాని మీద కూడా తుప్పు లేదు.

"ఆయన వచ్చి అడగమనండి," అన్నాడు మేస్త్రీ. "వచ్చి, 'బావమరిదీ, నోరు జారాను' అని ఒక్క మాట. చాలు."

ఇన్‌స్పెక్టరమ్మ సందులోకి వెళ్ళి ఆ మాట చెప్పింది.

"నేనా? వాడి కొట్టుకా?" అన్నాడు బండాయన. "ఆ డుర్రుడుర్రుని ముందు అమ్మెయ్యమనండి, అప్పుడు చూద్దాం."

మళ్ళీ కొట్టుకి వెళ్ళింది.

"బండెందుకమ్మాలి? పెళ్ళానికి మోకాళ్ళ నొప్పులు, ఆసుపత్రికి తిప్పాలని కొన్నాను. ఎందుకు కొన్నావురా అని అడిగితేగా ఆ ముక్క చెప్పడానికి!"

మళ్ళీ సందులోకి వచ్చేసరికి ఆమె చెప్పుల నిండా దుమ్ము, మొహం నిండా చెమట. ఇద్దరు ముసలివాళ్ళ మధ్య తపాలా బంట్రోతునైపోయానని తన మీద తనకే కోపం వచ్చింది. గేటు దగ్గర ఇల్లాలు మంచినీళ్ళ చెంబుతో ఎదురొచ్చింది. బండాయన లోపల దొరకి జూలు దువ్వుతున్నాడు.

"కాసిని తాగమ్మా. వడదెబ్బ తగిలేను," అంది ఆవిడ మెల్లిగా.

ఇన్‌స్పెక్టరమ్మ చెంబు అందుకుని ఆగిపోయింది. ఆ గుసగుస గొంతు ఎక్కడో విన్నది. ఎక్కడో ఏమిటి, ఫోనులోనే.

"పిన్నిగారూ, మీరా...?"

ఆవిడ పెదవి మీద వేలు పెట్టుకుంది. "చెప్పకమ్మా ఆయనకి. పైకి అలా ఉంటారు కానీ, రాత్రిళ్ళు లేచి దొర కాళ్ళకి వేణ్ణీళ్ళ కాపడం పెడతారు. పెడుతూ ఏడుస్తారు. తెల్లారేసరికి మళ్ళీ మీసం మామూలే."

"కోయించండని మీరైనా చెప్పలేకపోయారా?"

"చెప్పని రోజు లేదు. ఇటు ఈయనకి చెప్తే పౌరుషం, అటు వాడికి చెప్తే రోషం." ఆవిడ ఖాళీ చెంబు తీసుకుంది. "వాళ్ళకి తగ్గడం చేతకాదమ్మా. ఎవరో ఒకరు వంచాలి. అది కూడా వంగినట్టు కనబడకుండా."

అక్కడే, ఆ సందులో గోడకి ఆనుకుని నిలబడి, ఇన్‌స్పెక్టరమ్మకి తోచింది. తోచిన మరుక్షణం చరచరా కొట్టుకి నడిచింది.

"మేస్త్రీగారూ, నేను మీ బావ తరఫున రాలేదు. ఒక జంతువు బాధ తీర్చడానికి పని తెలిసిన మనిషిని పిలిపించే అధికారం చట్టం నాకిచ్చింది. రేపు పొద్దున మీరు పనిముట్లతో రావాలి. రాకపోతే ప్రభుత్వ పనికి అడ్డుపడినట్టు."

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "అంటే ఇది బావ పిలుపు కాదు."

"కాదు."

"సర్కారు పిలుపు."

"సర్కారు పిలుపే."

"అయితే ఎందుకు రానూ? సర్కారుతో నాకు పేచీ ఏముంది?" అని, ఆమె గడప దాటకముందే గోడ మీద పట్టకారు దింపాడు.

గురువారం దాకా గడువనీ, సర్కారు తరఫున మేస్త్రీ వస్తాడనీ చెబితే సందులో బండాయన కూడా కాసేపు మీసం దువ్వుకున్నాడు. "సర్కారు మనిషిగా వస్తే రానివ్వండి, కాదనడానికి నేనెవర్ని? బావమరిదిగా మాత్రం ఈ గేటు దాటనివ్వను." ఇల్లాలు ఆరిన బట్టలు తీసుకుంటూ అటు తిరిగిపోయింది. ఆవిడ భుజాలు కదలడం చూస్తే నవ్వుతోందని తెలుస్తూనే ఉంది.

గడువిచ్చిన సంగతి చెబితే పెద్దసారు కుర్చీలోంచి సగం లేచాడు. "ఎవర్నడిగి ఇచ్చారు?"

"ఇన్‌స్పెక్టరుకి తోస్తే ఇవ్వవచ్చని చట్టంలో ఉంది సార్. నాకు తోచింది."

"లారీ వస్తుంది, ఫోటోగ్రాఫరూ వస్తాడు. గురువారం పొద్దున ఆ గుర్రం సరిగ్గా నడవకపోతే, అది లారీలోకి, మీరు మారుమూల కోళ్ళ పరీక్షా కేంద్రానికి. బాగా తోచనివ్వండి!"

బుధవారం పొద్దున మోటారుసైకిలు చప్పుడు టైర్ల కొట్టు దాకా వచ్చి ఆగిపోయింది. డాక్టరుతో ముందే వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ గేట్లోంచి తొంగిచూసింది. మేస్త్రీ ఇంజను ఆపేసి, అంత బండినీ సందులో చేత్తో తోసుకుంటూ వస్తున్నాడు. గేటుకి అవతలే, దొరకి కనపడకుండా గోడ చాటున నిలబెట్టాడు. బండాయన అదంతా చూశాడు. చూసి, చూడనట్టు పగ్గం సర్దాడు.

మేస్త్రీ తోలు గుడ్డ నడుముకి చుట్టుకుని దొర భుజం మీద చెయ్యి వేశాడు. గుర్రం మెడ తిప్పి ఆయన జేబు వాసన చూసింది. "తెచ్చాను లేరా, తెచ్చాను," అని మేస్త్రీ జేబులోంచి కారెట్ తీసిచ్చాడు.

"దొరా," అన్నాడు బండాయన, గుర్రంతో. "నమల్లేవు కదా, చిన్న ముక్కలు చేసి పెట్టమని ఆ సర్కారు మనిషికి చెప్పు."

"దొరా," అన్నాడు మేస్త్రీ, అదే గుర్రంతో. "నాకు తెలుసని చెప్పు."

అది మొదలు, పనంతా దొర ద్వారానే నడిచింది. 'కాలు ఇంకాస్త పైకెత్తమని చెప్పు దొరా', 'నా నడుము విరిగేలా ఉందని చెప్పు దొరా'. దొర ఇద్దరి మాటలూ సమంగా విని చెవులు ఆడించాడు. మేస్త్రీ వంగి ముందు కాలు తన మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. పట్టకారుతో కొస పట్టి నొక్కితే ఎండిన కొమ్ము విరిగినట్టు టప్పుమంది. చంద్రవంకల్లాంటి ముక్కలు నేల మీద పడ్డాయి. తరవాత కత్తితో అరికాలు చెక్కడం, చెక్కినచోట బొటనవేలితో నొక్కి చూడడం, మళ్ళీ చెక్కడం.

రెండో కాలు చెక్కుతుండగా మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది. గిట్ట అడుగున పగులు, పగుల్లోంచి నల్లగా చీము. వాసనకి డాక్టరు ముక్కు మూసుకున్నాడు, కానీ వెనక్కి తగ్గలేదు. దగ్గరికొచ్చి గొట్టంతో మందునీళ్ళు కొట్టాడు. దొర ఒళ్ళంతా వణికింది. ఆ కాసేపు దొరకి చెప్పడానికి కూడా ఇద్దరికీ మాట దొరకలేదు.

మేస్త్రీ తల ఎత్తకుండానే అన్నాడు, "దొరా, నేను ముందే రావలసింది."

బండాయన గుర్రం మెడలో మొహం దాచుకున్నాడు. "దొరా... నేను పిలవాల్సింది."

ఇన్‌స్పెక్టరమ్మ వెళ్ళి బండి కాడి మీద ఆరేసిన తువ్వాళ్ళని చాలా శ్రద్ధగా పరిశీలించింది.

నాలుగు కాళ్ళూ అయ్యాక డాక్టరు వంతు వచ్చింది. చొక్కా చేతులు మడిచాడు. దొర నోరు మూసుకోకుండా ఇనప చట్రం తగిలించి, పొడుగాటి ఆకురాయి అందుకుని, పరీక్ష రాయబోయే పిల్లాడిలా కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. తరవాత చెయ్యి మోచేతి దాకా దొర నోట్లోకి పోయింది. కర్ర్ కర్ర్‌మని చప్పుడు. బండాయన ఒక పక్క, మేస్త్రీ ఒక పక్క దొర తల పట్టుకున్నారు. మధ్యలో దొర ఒక్క తుమ్ము తుమ్మాడు. పచ్చటి నురగ డాక్టరు మొహాన్నీ, కళ్ళద్దాలనీ, కొత్త చొక్కానీ ముంచేసింది.

"మేడం," అన్నాడు డాక్టరు, ఏమీ కనపడని కళ్ళద్దాల్లోంచి వెలిగిపోతూ. "చేశాను మేడం! గుర్రానికి చేశాను!"

ఆ సాయంత్రం దొర తొట్టిలో దాణా తిన్నాడు. నేల మీద ఒక్క ఉండ పడలేదు.

గురువారం పొద్దున లారీ సందులో పట్టక టైర్ల కొట్టు ముందే ఆగింది. పెద్దసారు గుర్రం పక్కన నిలబడడానికని కొత్త కోటు వేసుకుని వచ్చాడు. వెనక ఫోటోగ్రాఫరు, ఇన్‌స్పెక్టరమ్మ, డాక్టరు. సర్కారు పని పూర్తయిందో లేదో చూసుకోవాలన్న సాకుతో మేస్త్రీ కూడా వచ్చి కొట్టం దగ్గర నిలబడ్డాడు.

"ఏదీ, నడిపించండి చూద్దాం," అన్నాడు పెద్దసారు.

బండాయన పగ్గం పట్టుకున్నాడు. దొర ఒక అడుగు వేసి ఆగాడు. కిందకి చూసుకున్నాడు. ఇంకో అడుగు వేశాడు. చీము తీసిన కాలు కాస్త ఆచితూచి వేసినా, మిగతా మూడూ నేలని తిన్నగా తాకుతున్నాయి. వాకిలంతా ఒక చుట్టు తిరిగి వచ్చి, తిరిగినందుకు కూలి అన్నట్టు, పెద్దసారు కోటు జేబు వాసన చూశాడు.

"గడువులోగా లోపాలు సరిచేశారు సార్," అంది ఇన్‌స్పెక్టరమ్మ. గొంతు రూళ్ళకర్రంత తిన్నగా వచ్చింది. "ఇప్పుడు దీన్ని తీసుకెళ్ళి సూది వేయిస్తే, క్రూరత్వం కింద కేసు మన మీద పెట్టాలి. ఆ కేసు రాయాల్సింది కూడా నేనే."

పెద్దసారు ఫోటోగ్రాఫరు వైపు చూశాడు. ఫోటోగ్రాఫరు చాలా ఆసక్తిగా వింటున్నాడు. పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "సరే, గుర్రం సంగతి సరే. ఇన్నాళ్ళు బాధపెట్టినందుకు ముద్దాయంటూ ఒకరుండాలి కదా. ఎవరు ముద్దాయి?"

"నేనే," అని బండాయన ముందుకొచ్చాడు. "తప్పు నాది. రాసుకోండి."

"కాదండీ," అన్నాడు మేస్త్రీ. "కాలు ముట్టనన్నది నేను. ముద్దాయిని నేను."

"దొరా, మధ్యలో వాడి పేరెందుకు రాస్తారో అడుగు! గుర్రం నాది, తప్పు నాది!"

"దొరా, కత్తి గోడకి తగిలించి కూర్చున్నవాడిదే పెద్ద తప్పని చెప్పు!"

"వాడి తప్పు నా తప్పులో సగం ఉండదని చెప్పు!"

తప్పు కోసం ఇద్దరూ పగ్గం పట్టుకుని చెరోవైపు లాగుతుంటే, దొర తల మధ్యలో ఊగింది. పెద్దసారు నోరు వెళ్ళబెట్టాడు. శిక్ష తప్పించుకోడానికి కొట్టుకునేవాళ్ళని చూశాడు కానీ, ముద్దాయి పదవికి పోటీ పడేవాళ్ళని ఆయన సర్వీసులో చూడలేదు.

"ఆగండిద్దరూ," అంది ఇల్లాలు.

ఇన్నాళ్ళుగా దగ్గో గుసగుసో తప్ప వినపడని ఆ గొంతు మామూలుగా పలికేసరికి అందరూ అటు తిరిగారు. ఆవిడ చేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ గడప దిగి వచ్చింది.

"గుర్రం ఆయనది కాదు బాబూ. నాది. బండి లైసెన్సుకని వెళ్ళి, అక్కడి ఆఫీసువాడు మీసం చూసి నవ్వాడని ఈయన గొడవ పెట్టుకుని వచ్చేశారు. మర్నాడు నేను వెళ్ళి, బండీ గుర్రమూ నా పేరున తీసుకున్నాను. చట్టం ప్రకారం యజమానిని నేను. ముద్దాయినీ నేనే."

"అక్కా!" అన్నాడు మేస్త్రీ.

"నువ్వుండరా. ఇంకో ముక్క కూడా అయిపోనీ. మీకు ఫోను చేసి చెప్పిందీ నేనే."

పగ్గం బండాయన చేతిలోంచి జారిపోయింది.

పెద్దసారు తల పట్టుకున్నాడు. "అంటే, ఫిర్యాదు చేసిందీ మీరే, ముద్దాయీ మీరేనా? ఫిర్యాదు చేస్తే కేసు యజమాని మీదే పడుతుందని తెలియదా అమ్మా మీకు?"

"తెలుసు బాబూ. ఫోను చేసేముందు టైర్ల కొట్టాయన్ని అడిగే చేశాను."

"తెలిసి మరీ...?"

"ఏం చెయ్యను? నిరుటి నుంచి చెప్తున్నాను, నా మాట ఇద్దరిలో ఒక్కరి చెవికీ ఎక్కలేదు. సర్కారు చెప్తే వింటారనుకున్నాను. నా మీద కేసైతే అవుతుంది, నాలుగు రోజులు తిరుగుతాను. దొర కాళ్ళు బాగుపడతాయి కదా."

బండాయన భార్య మొహం వైపు, కొత్త మనిషిని చూసినట్టు, చాలాసేపు చూశాడు. ఎప్పుడూ పైకి దువ్వి ఉండే ఆ మీసం రెండు పక్కలా కిందకి దిగిపోయింది. మేస్త్రీ తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి, ఎవర్ని తియ్యాలో తెలియక దింపేశాడు.

"మీ కేసు," అన్నాడు పెద్దసారు ఇన్‌స్పెక్టరమ్మతో, చేతులు దులుపుకుంటూ. "మీకేం తోస్తే అది చెయ్యండి."

ఇలాంటప్పుడు యజమానిని సాక్షుల ముందు నోటిమాటగా హెచ్చరించి వదిలెయ్యవచ్చు. ఆ వాక్యాలు ఇన్‌స్పెక్టరమ్మకి కంఠతా వచ్చు. ఇల్లాలి ఎదుట నిటారుగా నిలబడి మొదలుపెట్టింది. "ఈ గుర్రానికి యజమానురాలైన మిమ్మల్ని శాఖ తరఫున హెచ్చరిస్తున్నాను. ఇకమీదట గిట్టలు పెరిగేదాకా ఆగకుండా ఎప్పటికప్పుడు కోయించాలి..."

"కాస్త గట్టిగా చెప్పమ్మా," అంది ఇల్లాలు వినయంగా. "నా వెనకవాళ్ళకి కూడా వినపడాలి."

ఇన్‌స్పెక్టరమ్మ గొంతు పెంచింది. గిట్టల సంగతి, పళ్ళ సంగతి, కొట్టంలో తడి లేకుండా చూడాల్సిన సంగతి. చట్టంలో ఉన్న మాటలు అక్కడితో అయిపోయాయి. ఇల్లాలు మాత్రం కదలకుండా ఆమె మొహంలోకే చూస్తోంది. దొరకి ఇటుపక్క ఒకరు, అటుపక్క ఒకరు, బావా బావమరిదీ ఇంకా ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టరమ్మ ఒకసారి ఊపిరి పీల్చుకుంది.

"గిట్టలు కోసే రోజున గుర్రాన్ని పట్టుకోడానికి ఇంటి మనిషి దగ్గరుండాలి. పని అయ్యాక కోసినవాడికి ఇంట్లో భోజనం పెట్టాలి. పట్టుకున్నవాడూ కోసినవాడూ పక్కపక్కనే కూర్చుని తినాలి. నిన్నటి భోజనం బాకీ ఉంది కనక, అది ఈరోజే తీర్చాలి."

పెద్దసారు ఉలిక్కిపడ్డాడు. "ఇది ఎక్కడిది? నేనెప్పుడూ వినలేదే?"

"పాతదే సార్," అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఆమె ఉద్యోగంలో ఆడిన మొదటి అబద్ధం అది. కళ్ళార్పకుండా ఆడింది. డాక్టరు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

బండాయన మీసం ఒక పక్క మెల్లిగా పైకి లేచింది. "సర్కారు రూలంటే కాదనగలమా..." అని, దొర మెడ మీద నుంచి అటువైపుకి తల సాచాడు. "విన్నావుటోయ్?"

"విన్నాను బావా," అన్నాడు మేస్త్రీ.

ఇల్లాలు అప్పటికే లోపలికి వెళ్ళి కంచాలు దింపుతోంది.